ఇంటి స్టూడియోలో డిజిటల్ ఆడియో సామగ్రిని మార్చుకోవడం ఎలా: కొలతతో మొదలుపెట్టే పద్ధతి

ఇంట్లో రికార్డింగ్ చేసుకునేవారికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన వస్తుంది. పాట బాగానే కుదిరింది, పాడినవాళ్లు బాగానే పాడారు, అయినా వింటే ఏదో వెలితి. గొంతు వెనక సన్నని హోరు ఉంటుంది. మిక్స్, అంటే ట్రాకులన్నీ కలిపిన పాట, ఇంట్లో ఒకలా, కారులో మరోలా వినిపిస్తుంది. పాడేటప్పుడు హెడ్‌ఫోన్లలో తన గొంతు తనకే కాస్త ఆలస్యంగా చేరుతుంది. అప్పుడు చూపు నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్ మీద, అంటే మైకును, స్పీకర్లను కంప్యూటర్‌కు కలిపే పెట్టె మీద పడుతుంది. దాన్ని మార్చేస్తే అన్నీ సర్దుకుంటాయనిపిస్తుంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. నేటి ఇంటర్‌ఫేసుల్లో, చవక రకాల్లో సైతం, ధ్వనిని అంకెలుగా మార్చే కన్వర్టర్ చిప్పు వల్ల జరిగే నష్టం చాలా తక్కువ. గది, మైకు ఉంచిన చోటు, చాలని గెయిన్ (మైకు సంకేతాన్ని పెంచే మోతాదు), సరిగా పనిచేయని డ్రైవర్ (పరికరాన్ని కంప్యూటర్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్), వినే ఏర్పాటు ఇవన్నీ నేరస్థుల వరుసలో దానికంటే ముందుంటాయి. కాబట్టి ఈ మార్గదర్శిలో కొనుగోలు నాలుగో మెట్టులో గానీ రాదు. మొదటి మూడు మెట్లు ఓపిగ్గా ఎక్కినవారిలో కొందరికి నాలుగోదాని అవసరమే ఉండకపోవచ్చు.

మొదటి మెట్టు: ఇప్పుడున్నదాన్ని కొలవడం

మూడు పరీక్షలు చేయాలి. ఒక సాయంత్రం చాలు. రికార్డు చేసిన ఫైళ్లకు తేదీతో పేరు పెట్టి దాచుకోండి. కొత్త పరికరం వచ్చాక వీటితోనే పోల్చాలి.

మొదటిది గది మోత. మైకును ఎప్పుడూ పాడే చోటే నిలిపి, గెయిన్‌ను ఎప్పుడూ ఉంచే స్థాయిలోనే ఉంచి, ఎవరూ కదలకుండా ఒక నిమిషం రికార్డు చేయండి. తర్వాత ఫాంటమ్ పవర్ (ఇంటర్‌ఫేస్ నుంచి మైకుకు వెళ్లే కరెంటు) ఆపి, గెయిన్ నాబ్‌ను ముట్టుకోకుండా మైకును తీసేయండి. దాని స్థానంలో 2, 3 పిన్నుల మధ్య 150 ఓమ్‌ల రెసిస్టర్ అతికించిన ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్గును, అంటే మైకు కేబుల్‌కుండే మూడు పిన్నుల ప్లగ్గును, పెట్టి మరో నిమిషం రికార్డు చేయండి. ఇన్‌పుట్‌ను ఏమీ పెట్టకుండా ఖాళీగా వదిలితే ప్రీ-ఆంప్ (మైకు సంకేతాన్ని పెంచే భాగం) మామూలు వాడుకలో కంటే ఎక్కువ హోరు చూపిస్తుంది. అందుకే ఈ చిన్న ఏర్పాటు.

రెండు ఫైళ్ల సగటు స్థాయి చూడండి. మొదటిది రెండోదానికంటే 10 డెసిబెల్లు ఎక్కువగా ఉంటే మీ రికార్డింగుల్లోని హోరు గదిది, లేదా మైకుది. ఎంత మంచి ప్రీ-ఆంప్ తెచ్చినా అది తగ్గదు. చాలా ఇళ్లలో ఫలితం ఇలాగే వస్తుంది. ఎందుకో లెక్క వేసి చూద్దాం. నిశ్శబ్దంగా ఉందనుకునే ఇంటి గదిలో కూడా 30 డెసిబెల్ల మోత ఉంటుంది. కంప్యూటర్ ఫ్యాన్ తిరుగుతుంటే 40కి చేరుతుంది. మైకు దగ్గర గట్టిగా పాడే గొంతు 100 డెసిబెల్లు అనుకుందాం. అంటే ఆ గదిలో పట్టుకోదగ్గ తేడా 60 నుంచి 70 డెసిబెల్లే. 16 బిట్ల రికార్డింగ్ ఒక్కటే 96 డెసిబెల్ల తేడాను మోయగలదు. 24 బిట్లకు సిద్ధాంతపరంగా 144 వస్తుంది. ఆచరణలో మామూలు ఇంటర్‌ఫేసులు 110 దాటుతాయి. ఇప్పుడు 110 ఉన్న చోట 120 తెచ్చుకుంటే ఆ పది డెసిబెల్లూ గది మోత కిందే మునిగిపోతాయి.

రెండోది లూప్‌బ్యాక్ పరీక్ష. ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ ఒకటి నుంచి లైన్ ఇన్‌పుట్ ఒకటికి కేబుల్ కలపండి. అంతకుముందే స్పీకర్లు ఆపేసి, ఆ ట్రాక్‌లో ఇన్‌పుట్ మానిటరింగ్‌ను, ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటరింగ్‌ను (రెండూ లోపలికొచ్చే ధ్వనిని అప్పుడే తిరిగి వినిపించే ఏర్పాట్లు) తప్పక ఆపాలి. లేకపోతే ధ్వని వలయంలో తిరిగి ఒక్కసారిగా కీచుమంటుంది. ఇప్పుడు ఒక ట్రాక్‌లో టిక్కుమనే శబ్దం వినిపిస్తూ మరో ట్రాక్‌లో దాన్నే రికార్డు చేయండి. రెండు అలలనూ బాగా పెద్దవి చేసి చూస్తే కొత్తది అసలుకంటే ఎన్ని శాంపుళ్లు (ధ్వనిని అంకెలుగా తీసే ఒక్కో కొలత) వెనకబడిందో తెలుస్తుంది. 48 కిలోహెర్ట్జ్ వద్ద 48 శాంపుళ్లంటే ఒక మిల్లీసెకను. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఆలస్యాన్ని తనే సరిదిద్దుకుంటుంది కాబట్టి తేడా సున్నా దగ్గర ఉండాలి. అలా లేకపోతే ఆ శాంపుళ్ల సంఖ్యను సెట్టింగుల్లో ఉండే రికార్డింగ్ ఆఫ్‌సెట్‌లో వేయండి. ఇంటర్‌ఫేస్ అసలు ఆలస్యం తెలియాలంటే సాఫ్ట్‌వేర్ చేసే ఆ సరిదిద్దుబాటును ఆపి ఇదే పరీక్ష మళ్లీ చేసి, ఆ అంకెనూ రాసుకోండి. మీరు పొరలు పొరలుగా రికార్డు చేసిన గిటారు తాళానికి ఎప్పుడూ కాస్త వెనకబడి వినిపించడానికి కారణం మీ వేళ్లు కాకపోవచ్చు.

మూడోది చెవి పరీక్ష. స్పీకర్లలో 40 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరుగుతూ పోయే స్వరాన్ని ఒకే స్థాయిలో వినిపించి, మీరు మిక్స్ చేసే కుర్చీలోనే కూర్చుని వినండి. ఎక్కడ ఉప్పెనలా పొంగిందో, ఎక్కడ దాదాపు మాయమైందో కాగితం మీద రాసుకోండి. మూడో మెట్టులో ఇది పనికొస్తుంది.

రెండో మెట్టు: లక్షణాన్ని బట్టి కారణం తేల్చుకోవడం

గుంయిమనే సన్నని మోత నిలకడగా, 50 లేదా 60 హెర్ట్జ్ దగ్గర వస్తుంటే అది చాలావరకు గ్రౌండ్ లూప్. వేర్వేరు ప్లగ్గుల నుంచి కరెంటు తీసుకుంటున్న పరికరాలు ఆడియో కేబుల్ తొడుగు ద్వారా కూడా కలిసినప్పుడు ఇది పుడుతుంది. అన్నింటినీ ఒకే పవర్ స్ట్రిప్‌కు కలిపి చూడండి. ఇంటర్‌ఫేస్ నుంచి స్పీకర్లకు వెళ్లే కేబుళ్లు బ్యాలెన్స్‌డ్ రకానివా, అంటే ప్లగ్గు మీద రెండు నల్ల గీతలున్నవా అని చూసుకోండి. ఎర్త్ పిన్నును విరిచేయమనే సలహా ఎవరిచ్చినా వినకండి. ఆ పిన్ను ప్రాణాల్ని కాపాడడానికి ఉంది. మౌస్ కదిపినప్పుడు, తెర మారినప్పుడు చిరుకీచు వినిపిస్తే దానికీ మూలం ఇలాంటిదే. లాప్‌టాప్ చార్జరు తీసేయగానే ఆ శబ్దం ఆగిపోతే కారణం ఖాయమైనట్టే.

టిక్కుటిక్కుమని మధ్యమధ్యలో తెగుతుంటే ధ్వని తెగే క్షణాల మధ్య విరామం గమనించండి. పని ఎక్కువైనప్పుడే వస్తుంటే బఫర్ (కంప్యూటర్ ధ్వనిని కాసేపు దాచుకునే చోటు) చాలడం లేదు, లేదా డ్రైవర్ నలిగిపోతోంది. పని ఉన్నా లేకపోయినా ఒకే వ్యవధితో వస్తుంటే అది క్లాక్ సమస్య, అంటే శాంపుళ్ల వేగాన్ని నడిపించే లోపలి గడియారం సమస్య.

పాడేవారి గొంతు పల్చగా, డొల్లగా వినిపిస్తోందంటే మైకు గోడకు, బల్లకు, తెరకు దగ్గరగా ఉందేమో చూడండి. నేరుగా వచ్చిన ధ్వని, గోడను తాకి ఒకటి రెండు మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చిన ధ్వని కలిసినప్పుడు కొన్ని స్వరాలు చెల్లిపోతాయి. మైకును ఒక అడుగు జరిపితే వచ్చే తేడా కన్వర్టర్ మార్చినా రాదు. ఇక మిక్స్ ఒక్కో చోట ఒక్కోలా వినిపిస్తోందంటే అనుమానం నేరుగా గది మీదికి మళ్లాలి.

మూడో మెట్టు: గది, స్పీకర్లు, హెడ్‌ఫోన్లు

గది పొడవు 3.5 మీటర్లు అనుకుందాం. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. ఆ 343ను పొడవుకు రెండింతలతో, అంటే 7తో భాగిస్తే 49 వస్తుంది. ఆ గదిలో 49 హెర్ట్జ్ దగ్గర ధ్వని ఎదురెదురు గోడల మధ్య నిలిచిపోయి, గోడ పక్కన పొంగుతూ, గది నట్టనడుమ అణగిపోతుంది. వెడల్పుకీ ఎత్తుకీ ఇలాగే లెక్కేయండి. పొడవు, వెడల్పు సమానంగా ఉన్న చదరపు గదిలో రెండు అంకెలూ ఒకే చోట పడి సమస్య రెట్టింపవుతుంది. మీరు కాగితం మీద రాసుకున్న పొంగులను ఈ అంకెలతో పోల్చి చూడండి. సరిపోలినప్పుడు కలిగే తృప్తి వేరు. దోషం సామగ్రిలో లేదని మీ గదే రుజువు చూపిస్తుంది.

స్పీకర్లు రెండూ, మీ తలా కలిసి సమబాహు త్రిభుజంగా ఉండాలి. చిన్న గదిలో, ముందు గోడ నుంచి గది పొడవులో 38 శాతం దూరంలో కూర్చోవడం మంచి ఆరంభం. అక్కడి నుంచి అటూ ఇటూ జరుగుతూ విని స్థిరపరచుకోవాలి. పక్కగోడ మీద అద్దాన్ని ఒకరు జరుపుతుంటే కుర్చీలోంచి చూడండి. అద్దంలో స్పీకరు కనిపించిన చోటే మొదటి ప్రతిఫలనం పుడుతుంది. 10 సెంటీమీటర్ల మందం ఉన్న, ధ్వనిని పీల్చుకునే మినరల్ ఊల్ ప్యానెల్‌ను అక్కడ, గోడకు కాస్త ఎడంగా నిలపండి. గది మూలల్లో ఇంకా మందమైనవి కావాలి. రెండు మూడు సెంటీమీటర్ల పల్చని ఫోమ్ ముక్కలు గోడంతా అతికిస్తే పైస్థాయి ధ్వనులు మాత్రమే ఇంకిపోతాయి. బేస్ అలాగే ఉండిపోయి గది మరింత బరువుగా, ముసుగేసినట్టు వినిపిస్తుంది. ఇది చాలామంది చేసే ఖర్చు, దీన్ని ఆపాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక కొలత మైకు ఉంటే ఈ పనంతా చెవితో పాటు కంటితోనూ చూసుకోవచ్చు. ప్యానెల్ పెట్టక ముందు ఒక గ్రాఫ్, పెట్టాక ఒక గ్రాఫ్ తీయండి. చిన్న గదిలో ప్యానెళ్లేవీ లేకుండా సబ్‌వూఫర్ తెచ్చుకోవడం మాత్రం వద్దు.

వినే స్థాయిని కూడా స్థిరపరచండి. స్థాయి తగ్గేకొద్దీ చెవి బేస్‌ను తక్కువగా పట్టుకుంటుందని వినికిడిని పరిశోధించిన ఫ్లెచర్, మన్సన్‌లు 1933లోనే చూపించారు. రోజుకో స్థాయిలో మిక్స్ చేస్తే రోజుకో బేస్ వస్తుంది. చిన్న గదిలో 73 నుంచి 76 డెసిబెల్ల మధ్య ఒక స్థాయి ఎంచుకుని, వాల్యూమ్ నాబ్ మీద అక్కడ చిన్న గుర్తు పెట్టుకోండి.

గదిని మార్చే వీలు లేనివారు మిక్స్‌కు వెనక తెరిచి ఉండే హెడ్‌ఫోన్లు, రికార్డింగ్‌కు మూసి ఉండేవి తీసుకోవచ్చు. ఇంటర్‌ఫేస్ హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (కరెంటును అడ్డుకునే గుణం, ఓమ్‌లలో చెబుతారు) ఆ హెడ్‌ఫోన్ల ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతు లోపు ఉంటే వాటి స్వభావం మారకుండా వినిపిస్తుంది.

నాలుగో మెట్టు: ఇంటర్‌ఫేస్ ఎంచుకోవడం

ఇప్పటికీ కొత్తది కావాలనిపిస్తే, కారణం స్పష్టంగా ఉన్నట్టే. ఇన్‌పుట్లు చాలడం లేదు, గెయిన్ చాలడం లేదు, ఆలస్యం ఎక్కువగా ఉంది, పాత కంప్యూటర్‌లో ఉన్న ఫైర్‌వైర్ పోర్టు కొత్తదాంట్లో లేదు, లేదా తయారీదారు డ్రైవర్ ఇవ్వడం ఆపేశాడు. వీటిలో మీ కారణమేదో ఒక వాక్యంలో రాసుకుని, దాన్ని ఎదురుగా పెట్టుకునే పరికరాల వివరాలు చదవండి.

ముందు ఇన్‌పుట్ల సంఖ్య. పెట్టె మీద 18 ఇన్‌పుట్లు అని రాసి ఉన్నా, అందులో మైకు ప్రీ-ఆంప్‌లు నాలుగే ఉండొచ్చు. మిగతావి లైన్ ఇన్‌పుట్లు (కీబోర్డు లాంటి వాద్యాలకు), ఎస్‌పీడీఐఎఫ్, ఆడాట్ అనే డిజిటల్ ఇన్‌పుట్లు. ఒకేసారి ఎన్ని మైకులు పెడతారో అదే మీకు కావలసిన అంకె. ఒంటరిగా పాడుతూ వాయించుకునేవారికి రెండు మంచి ప్రీ-ఆంప్‌లు చాలు. ఎప్పుడైనా డ్రమ్స్ రికార్డు చేయాలన్న ఆలోచన ఉంటే ఆడాట్ ఇన్‌పుట్ ఉన్నది తీసుకోండి. తర్వాత ఎనిమిది ప్రీ-ఆంప్‌ల పెట్టెను ఒక్క ఆప్టికల్ తీగతో కలుపుకోవచ్చు. రెండో ఇంటర్‌ఫేస్ కొనే అవసరం తప్పుతుంది.

తర్వాత గెయిన్. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇంటి స్టూడియోల్లో అసలు నొప్పి తరచూ ఇక్కడే ఉంటుంది. షూర్ ఎస్‌ఎం7బి అనే డైనమిక్ మైకును తీసుకోండి. 94 డెసిబెల్ల ధ్వనికి అది ఇచ్చే సంకేతం 1.12 మిల్లీవోల్టులు. అదే ధ్వనికి 20 మిల్లీవోల్టులిచ్చే, ఫాంటమ్ పవర్‌తో నడిచే కండెన్సర్ మైకులు సాధారణం. రెండింటి మధ్య తేడా 25 డెసిబెల్లు. ఆ డైనమిక్ మైకుకు కనీసం 60 డెసిబెల్ల గెయిన్ కావాలని తయారీదారే చెబుతాడు. మీ ఇంటర్‌ఫేస్ 50 దగ్గరే ఆగిపోతే నాబ్ చివరి దాకా తిప్పాల్సి వస్తుంది. అక్కడ చాలా ప్రీ-ఆంప్‌లలో హోరు ఒక్కసారిగా పైకి లేస్తుంది. అప్పుడు దారులు మూడు. మైకుకు దగ్గరగా పాడడం, ఫాంటమ్ పవర్‌తో నడిచి 20 నుంచి 25 డెసిబెల్లు పెంచే చిన్న ఇన్‌లైన్ బూస్టర్ పెట్టడం, ఎక్కువ గెయిన్ ఉన్న ఇంటర్‌ఫేస్‌కు మారడం. ఈ వరుసలోనే ప్రయత్నించండి.

ప్రీ-ఆంప్ హోరును ఈక్వివలెంట్ ఇన్‌పుట్ నాయిస్ అనే అంకె చెబుతుంది. 150 ఓమ్‌ల మూలానికి ప్రకృతి విధించిన హద్దు దాదాపు మైనస్ 131 డీబీయూ (సంకేతం వోల్టేజీని డెసిబెల్లలో చెప్పే కొలత). అంతకు కిందికి ఎవరూ వెళ్లలేరు. మంచి ఇంటర్‌ఫేసులు మైనస్ 127 నుంచి 129 దాకా ఇస్తున్నాయి. అంటే మీది ఇప్పటికే మైనస్ 128 ఉంటే ఇక పొందగలిగేది అతి స్వల్పం. పోల్చేటప్పుడు రెండు అంకెలూ ఒకే పద్ధతిలో కొలిచినవా అన్నది చూడాలి. ఏ-వెయిటింగ్‌తో, అంటే చెవి తక్కువగా పట్టే స్వరాలను తగ్గించి లెక్కేసే పద్ధతితో కొలిస్తే అంకె రెండు మూడు డెసిబెల్లు మెరుగ్గా కనిపిస్తుంది.

ఆలస్యం గురించి ప్రకటనల్లో పెద్దగా ఉండదు, కానీ పాడేవారికి అన్నింటికంటే ముఖ్యం ఇదే. 48 కిలోహెర్ట్జ్ వద్ద 256 శాంపుళ్ల బఫర్ అంటే 5.3 మిల్లీసెకన్లు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి లెక్కేస్తే 10.7. దీనికి కన్వర్టర్లు, యూఎస్‌బీ డ్రైవర్ దాచుకునే అదనపు బఫర్లు తోడవుతాయి. 10 మిల్లీసెకన్లంటే స్పీకరుకు మూడున్నర మీటర్ల దూరంలో నిలబడి వాయించినట్టు. గిటారు వాయించేవారు దీన్ని సర్దుకుపోగలరు. పాడేవారి సంగతి వేరు, వారి గొంతు ఎముకల ద్వారా క్షణం కూడా ఆగకుండా చెవికి చేరుతుంది. ఆలస్యమైన గొంతు దానితో కలిసి స్వరం రంగు మారిపోతుంది. డైరెక్ట్ మానిటరింగ్ ఉన్న ఇంటర్‌ఫేస్‌లో కంప్యూటర్ ప్రమేయం లేకుండా గొంతు నేరుగా హెడ్‌ఫోన్లకు వెళ్తుంది. అందులోనే రివర్బ్ (హాలులో పాడినట్టుండే మార్మోత) కూడా ఇవ్వగల డీఎస్‌పీ మిక్సర్ (ఇంటర్‌ఫేస్ లోపలి చిప్పుతోనే నడిచే మిక్సర్) ఉంటే పాడేవారికి అది పెద్ద కానుక. ప్లగిన్ల (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ధ్వనిని మలిచే చిన్న ప్రోగ్రాముల) ద్వారానే గొంతు వినాలనుకునేవారు మాత్రం డ్రైవర్ నాణ్యత చూసి కొనాలి. ఒకే బఫర్ సంఖ్య వద్ద రెండు ఇంటర్‌ఫేసుల అసలు ఆలస్యం ఎంతో వేరుగా ఉండొచ్చు. కొన్న వెంటనే మొదటి మెట్టులోని లూప్‌బ్యాక్‌తో కొలిచి, నచ్చకపోతే తిరిగి ఇచ్చే గడువులోపే తేల్చుకోండి.

ఇంటర్‌ఫేస్‌ను కంప్యూటర్‌కు కలిపే పోర్టు యూఎస్‌బీనా, థండర్‌బోల్టా అన్న చర్చ అవసరానికి మించి సాగుతోంది. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ వద్ద ఒక్క ట్రాక్‌కు సెకనుకు 1.152 మెగాబిట్లు చాలు. 18 ఇన్‌పుట్లు, 18 అవుట్‌పుట్లు ఒకేసారి నడిచినా, ప్యాకెట్ల అదనపు బరువు కలిపినా 60 మెగాబిట్ల లోపే. యూఎస్‌బీ 2.0 వేగం 480 మెగాబిట్లు. కొత్త ఇంటర్‌ఫేస్ మీద టైప్-సి రంధ్రం ఉండి లోపల యూఎస్‌బీ 2.0 నడుస్తుంటే అందులో మోసమేమీ లేదు. అంత వేగం చాలు కాబట్టే అలా చేస్తారు. థండర్‌బోల్ట్ ఎక్కువ ఛానెళ్లకు, అతి తక్కువ ఆలస్యానికి పనికొస్తుంది. రెండు మైకుల స్టూడియోకు దాని కోసం అదనంగా పెట్టనక్కరలేదు.

క్లాస్ కంప్లయంట్ అని రాసి ఉన్న పరికరం ప్రత్యేక డ్రైవర్ లేకుండా కూడా పనిచేస్తుంది. తయారీదారు మద్దతు ఆపేసినా అది మూలన పడదు. ఇలాంటి సామగ్రి ఎక్కువ కాలం నిలుస్తుందని నా నమ్మకం, ధరలో కొంత తేడా ఉన్నా అటే మొగ్గుతాను.

ఐదో మెట్టు: శాంప్లింగ్ రేటు, బిట్ డెప్త్

48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు. చాలామందికి జవాబు ఇదే. మొదటి అంకె సెకనుకు ఎన్ని శాంపుళ్లు తీస్తారో, రెండోది ఒక్కో శాంపుల్‌ను ఎన్ని బిట్లతో రాస్తారో చెబుతుంది.

మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది. ఒక స్వరాన్ని నమ్మకంగా పట్టుకోవాలంటే దానికి రెండింతలకు మించిన వేగంతో శాంపుళ్లు తీయాలి. సీడీకి 44.1 అనే వింత అంకె ఎందుకొచ్చిందంటే, తొలి రోజుల్లో డిజిటల్ ధ్వనిని వీడియో టేపు మీద దాచేవారు. ఒక్కో గీతకు 3 శాంపుళ్లు, ఒక్కో ఫీల్డుకు (వీడియో చిత్రంలో సగానికి) 245 గీతలు, సెకనుకు 60 ఫీల్డులు. గుణిస్తే 44,100. సెకనుకు 50 ఫీల్డులున్న పద్ధతిలో 294 గీతలు తీసుకుంటే మళ్లీ అదే అంకె. వీడియో రంగం తర్వాత 48కి స్థిరపడింది. పాటలు ఇప్పుడు ఎక్కువగా వీడియోతోనే బయటికి వెళ్తాయి కాబట్టి 48తో మొదలుపెట్టడం సుఖం.

96 కిలోహెర్ట్జ్‌కు రెండు చోట్ల నిజమైన ప్రయోజనం ఉంది. ధ్వనిని బాగా సాగదీసి, కిందికి దించి వాడే సౌండ్ డిజైన్ ఒకటి. ఒకే బఫర్ సంఖ్యకు ఆలస్యం సగానికి తగ్గడం రెండోది. బదులుగా ప్రాసెసర్ మీద భారం, డిస్క్‌లో చోటు రెండూ రెట్టింపవుతాయి.

32 బిట్ ఫ్లోట్ రికార్డింగ్ ఇప్పుడు కొత్త ఆకర్షణ. ఇలాంటి పరికరాల్లో వేర్వేరు గెయిన్ స్థాయిల్లో నడిచే రెండు కన్వర్టర్లను కలిపి వాడతారు. అందువల్ల ముందే స్థాయి సరిచూసుకోలేని చోట, అంటే బయట తిరుగుతూ రికార్డు చేసేటప్పుడు ఇది వరం. గదిలో కూర్చుని, ఒకసారి పాడి చూసుకుని, శిఖరాలు (గట్టిగా పాడిన చోట స్థాయి) మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్ల మధ్య ఉండేలా గెయిన్ పెట్టుకునే వీలున్నవారికి 24 బిట్లు చాలు. మైకులోనే పగిలిపోయిన ధ్వనిని 32 బిట్లు కూడా బాగు చేయవు.

ఆరో మెట్టు: క్లాక్, డిజిటల్ కనెక్షన్లు

ఆడాట్ ద్వారా రెండో పెట్టె కలిపితే ఈ మెట్టు అవసరం. లేకపోతే దాటేయండి.

ఆడాట్ అన్న పేరు ఆలెసిస్ సంస్థ 1991లో పరిచయం చేసిన ఎనిమిది ట్రాకుల టేపు రికార్డర్‌ది. ఆ యంత్రం పోయినా దాని ఆప్టికల్ కనెక్షన్ నిలిచింది. 44.1, 48 కిలోహెర్ట్జ్‌ల వద్ద ఎనిమిది ఛానెళ్లు, 96 వద్ద నాలుగు, 192 వద్ద రెండు వెళ్తాయి. ఎనిమిది మైకులూ 96లో కావాలంటే రెండు తీగలు, రెండు వైపులా రెండేసి పోర్టులు ఉండాలి. కొనేముందు ఈ ఒక్క విషయం మర్చిపోకండి. ఆప్టికల్ ఎస్‌పీడీఐఎఫ్‌కు కూడా ఇదే తీగ వాడతారు, కానీ భాష వేరు. పోర్టు ఏ రీతిలో ఉందో సెట్టింగుల్లో చూసుకోవాలి.

రెండు పెట్టెల్లో ఒకటే క్లాక్ నడిపించాలి, రెండోది దాన్ని అనుసరించాలి. ప్రతి క్లాక్‌లోని స్ఫటికం మరోదానికంటే అణువంత తేడాతో కంపిస్తుంది. పది లక్షలకు 20 వంతుల తేడా ఉందనుకుంటే, 48 కిలోహెర్ట్జ్ వద్ద సెకనుకు దాదాపు ఒక శాంపుల్ జారిపోతుంది. మనకు వినిపించే క్రమబద్ధమైన టిక్కు అదే. రెండో మెట్టులో చెప్పిన ఒకే వ్యవధితో వచ్చే టిక్కులకు మూలం ఇదే. మైకు ప్రీ-ఆంప్‌ల పెట్టె నుంచి ఆడాట్ తీగ ఇంటర్‌ఫేస్‌కు వస్తుంటే, ఇంటర్‌ఫేస్ క్లాక్‌ను ఆడాట్‌కు మార్చండి. లేదా 75 ఓమ్‌ల బీఎన్‌సీ కేబుల్‌తో ఇంటర్‌ఫేస్ వర్డ్ క్లాక్ సంకేతాన్ని ఆ పెట్టెకు పంపండి. వరుసలో చివరి పరికరం దగ్గర 75 ఓమ్‌ల టెర్మినేషన్ (సంకేతం వెనక్కి తిరగకుండా ఆపే రెసిస్టర్) ఉండాలి.

ధ్వని మెరుగవుతుందని చెప్పి అమ్మే ప్రత్యేక మాస్టర్ క్లాక్ పెట్టె ఇంటి స్టూడియోకు అనవసరం. కన్వర్టర్ తన లోపలి క్లాక్‌తో నడిచేటప్పుడే సాధారణంగా అతి నిలకడగా ఉంటుంది. చాలా డిజిటల్ యంత్రాలను కలపాల్సిన పెద్ద స్టూడియోలకే బయటి క్లాక్ కావాలి.

ఏడో మెట్టు: కంప్యూటర్

విండోస్‌లో తయారీదారు ఇచ్చిన ఆసియో డ్రైవర్‌నే (ఆలస్యం తక్కువగా ఉంచే ఆడియో డ్రైవర్) వాడండి, అన్నింటికీ సరిపోయే సాధారణ డ్రైవర్ చివరి దారి మాత్రమే. మ్యాక్‌లో ఆ పని చేసే కోర్ ఆడియో ముందే ఉంటుంది. ఇంటర్‌ఫేస్‌ను కంప్యూటర్ పోర్టుకే నేరుగా కలపండి, కరెంటు లేని హబ్ ద్వారా వద్దు. యూఎస్‌బీ పోర్టులను నిద్రపుచ్చే విద్యుత్ పొదుపును ఆపండి. ఇంత చేసినా టిక్కులు ఆగకపోతే లేటెన్సీమాన్ అనే ఉచిత సాధనాన్ని నడపండి. ఏ డ్రైవర్ ప్రాసెసర్‌ను ఎక్కువసేపు పట్టుకుంటోందో పేరుతో సహా చూపిస్తుంది. తరచూ అది వైఫైదో, గ్రాఫిక్స్ కార్డుదో అవుతుంది.

డిస్క్ విషయంలో భయపడనక్కరలేదు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌తో ఒక ట్రాక్ నిమిషానికి 8.64 మెగాబైట్లు తీసుకుంటుంది. 16 ట్రాకులు గంటసేపు నడిచినా 8.3 గిగాబైట్లు. ఎస్‌ఎస్‌డీ అవసరం రికార్డింగ్ కంటే పెద్ద వాద్య లైబ్రరీలను లోడ్ చేసేటప్పుడు ఎక్కువగా తెలుస్తుంది.

ఎనిమిదో మెట్టు: మార్చే రోజు

చేతిలో పని ఏదీ మధ్యలో లేని రోజు ఎంచుకోండి. ముందు పాత ప్రాజెక్టులన్నింటి నకలు వేరే డిస్క్‌లోకి తీయండి. ముఖ్యమైన వాటిలో ప్రతి ట్రాక్‌నూ ప్లగిన్లతో సహా వేవ్ ఫైలుగా కూడా దాచండి. ఇంటర్‌ఫేస్‌తో పాటు ఇచ్చిన ప్లగిన్ల లైసెన్సు ఆ ఇంటర్‌ఫేస్‌కే ముడిపడి ఉంటే, దాన్ని తీసేశాక అవి తెరుచుకోకపోవచ్చు. ఇన్‌పుట్, అవుట్‌పుట్ రూటింగులను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

తర్వాత పాత డ్రైవర్‌ను తొలగించి, కంప్యూటర్‌ను మళ్లీ ప్రారంభించి, కొత్త డ్రైవర్ వేయండి. కొన్ని ఇంటర్‌ఫేసులను డ్రైవర్ వేశాకే కలపమంటారు, సూచనల కాగితం ఒకసారి చదవండి. ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) తాజాది వేసేటప్పుడు మధ్యలో కరెంటు పోకుండా చూసుకోండి. స్పీకర్లను అన్నింటికంటే చివర ఆన్ చేయాలి, ఆపేటప్పుడు అన్నింటికంటే ముందు ఆపాలి. ఈ అలవాటు ట్వీటర్లను (స్పీకర్లలో పైస్థాయి ధ్వనులిచ్చే భాగాలను) ఏళ్ల తరబడి కాపాడుతుంది.

పాత ప్రాజెక్టు ఒకటి తెరిచి శాంప్లింగ్ రేటు సరిపోయిందో లేదో చూడండి. 44.1లో రికార్డు చేసినది పొరపాటున 48లో నడిస్తే దాదాపు 9 శాతం వేగంగా, ఒకటిన్నర స్వరస్థానాలు పైకి లేచి వినిపిస్తుంది. పాడినవాళ్లు వెంటనే పట్టేస్తారు, వాద్యం ఒక్కటే ఉన్న ట్రాకుల్లో మాత్రం ఇది కొన్నాళ్లు కనిపించకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది.

ఇప్పుడు మొదటి మెట్టులోని మూడు పరీక్షలనూ అదే మైకు, అదే చోటు, అదే స్థాయితో మళ్లీ చేయండి. పాత ఫైళ్లనూ కొత్త ఫైళ్లనూ వినేటప్పుడు రెండింటి స్థాయినీ సమానం చేయడం తప్పనిసరి. ఒక డెసిబెల్ ఎక్కువున్నది ఎవరికైనా మెరుగ్గానే వినిపిస్తుంది. ఏది ఏదో మీకు తెలియకుండా మరొకరి చేత మార్పించుకుంటూ వినండి. హోరు తగ్గిందా, ఆలస్యం ఎన్ని మిల్లీసెకన్లు తగ్గింది, గెయిన్ నాబ్ ఇప్పుడు ఎక్కడ నిలుస్తోంది అన్న మూడు ప్రశ్నలకూ అంకెల్లో జవాబు వస్తుంది. కొనేముందు రాసుకున్న వాక్యంతో ఆ అంకెలను సరిచూడండి. రాసుకున్న సమస్య తీరకపోతే పెట్టెను, బిల్లును జాగ్రత్త చేసి తిరిగి ఇచ్చేయండి.

తీరిందనుకుంటే కొత్తదాని మీద ఒక పాటను మొదటి ట్రాక్ నుంచి చివరి మిక్స్ దాకా పూర్తి చేసేంతవరకు పాత ఇంటర్‌ఫేస్‌ను అమ్మకండి. ఆ తర్వాత అమ్మాలనుకుంటే తయారీదారు వెబ్‌సైట్‌లో మీ పేరు మీద ఉన్న రిజిస్ట్రేషన్‌ను తొలగించండి, కొత్త యజమాని దాన్ని తన పేరు మీద నమోదు చేసుకోగలుగుతారు. అసలు అడాప్టర్‌ను కూడా దానితోనే ఇవ్వండి. వోల్టేజీ, కరెంటు, ప్లగ్గు ధ్రువత మూడూ సరిపోని అడాప్టర్‌తో పాడయ్యే ఇంటర్‌ఫేసులు ఎన్నో ఉంటాయి.